రాతిబొమ్మలకు యజమాని యెవరు?

ఆస్తి యనగానే మనవారికి మూడు వస్తువులు తలపునకు వచ్చును: భూమి, ఇల్లు, బంగారము. ఈ మూటికొఱకును అన్నదమ్ములు న్యాయస్థానపు మెట్లెక్కుట మనమెల్లరము చూచినదే. గట్టు జరిపినవానిపై దావా. గోడ పెంచినవానిపై దావా. కాని గోడమీది బొమ్మను చూచి మఱియొకడు వ్రాసికొన్న ప్రతికొఱకు దావా వేసినవానిని మన పల్లెలలో నెవ్వరును చూచియుండరు. లోకమున నిప్పుడట్టి దావాలును నడచుచున్నవి. వేలయేండ్ల క్రిందట పేరు తెలియని మానవుడొకడు కొండచఱియలోని రాతిపై జేగురుతో నొక జింకను గీచిపోయెను. ఆ రాయి యెవరిది యనునది పాత ప్రశ్న. ఆ జింకకు తీసిన ఛాయాచిత్ర మెవరిది యనునది క్రొత్త ప్రశ్న. ఈ క్రొత్త ప్రశ్న తీరికగల న్యాయవాదుల వినోదము కాదనియు, దాని బాధ రామన్నపేటవంటి చిన్నయూరి పుస్తకాల బీరువా వఱకు వచ్చి చేరినదనియు చూపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా ప్రాంతము రాళ్లసీమ. రామన్నపేటనుండి యే దిక్కునకు బోయినను తాటిచెట్లు, మెట్టచేలు, వాని నడుమ నొకదానిపై నొకటి యెవరో పేర్చినట్లుండు గుండ్లు కనబడును. చూచువారికి బీడుగా తోచు ఈ నేల చరిత్రలో బీడు కాదు. భువనగిరి దగ్గఱి రాయగిరిలో పెద్ద రాళ్లను వలయముగా నిలిపిన ప్రాచీన సమాధులు గలవు. ఇట్టివానిని మన పల్లెవారు రాకాసిగుళ్లని పిలుతురు. 20వ శతాబ్దియొక్క తొలి దశాబ్దములలోనే వానిని త్రవ్వి పరిశీలించిరి. హైదరాబాదు రాజ్యమున పురావస్తుశాఖ 1914లో నేర్పడగా గులాం యజ్దానీగారు దానికి తొలి యధికారియైరి. దక్షిణముగా కృష్ణయొడ్డున, పూర్వము మహబూబునగరము జిల్లాలో నుండి యిప్పుడు నారాయణపేట జిల్లాలో చేరిన ముడుమాలున, మనిషికి రెండింతల యెత్తుగల నిలురాళ్లు బారులు తీరియున్నవి. అచ్చట నొక రాతిపై తొలిచిన చిన్న గుంటలు సప్తర్షిమండలమును పోలియున్నవని పండితులు చెప్పుదురు. ఊరివా రచ్చటి రాయి నొకదానిని ఎల్లమ్మగా కొలుతురు. 2025లో ఆ చోటు యునెస్కోవారి తాత్కాలిక పట్టికలోని కెక్కినది. ఉత్తరముగా భూపాలపల్లి జిల్లాలో రేగొండ సమీపమున పాండవులగుట్ట యున్నది. 1990లో పండితుల దృష్టికి వచ్చిన యా గుట్ట చఱియలలో అడవిదున్నలు, జింకలు, పులులు, విల్లంబులు, వలయములు ఎఱ్ఱని రంగుతో వ్రాయబడియున్నవి.

ఆ గుట్టను మేము చూచితిమి. ఎండలో నడచి యలసి, చఱియ నీడకు చేరి తలయెత్తగానే కనబడు ఎఱ్ఱని మృగము మనస్సునకు గలిగించు నిశ్శబ్దమును వర్ణింప మాకు శక్తి చాలదు. వ్రాసినవాడు సంతకము చేయలేదు, తేదీ వేయలేదు, ఎవరికొఱకు వ్రాసెనో చెప్పలేదు. మాకు ముందు వచ్చిన పడుచువా రిద్దఱు, బొమ్మ తమ ఫోనులో స్పష్టముగా పడవలెనని సీసాలోని నీటిని దానిపై చల్లుచుండిరి. తడిసిన క్షణమున రంగు మెఱసినమాట నిజమే. కాని యట్లు తడిపినప్పుడెల్ల రాతిలోని యుప్పు పైకి వచ్చి రంగుమీద తెల్లని పొర కట్టును. వేలయేండ్లు నిలిచిన బొమ్మ కొద్దియేండ్లలో మాసిపోవును. బొమ్మయొక్క ప్రతిని సంపాదించుటకై బొమ్మనే పాడుచేయుట యనునది మా వ్యాసమునకు సంబంధించిన తొలి పాఠము.

ఇక మా సొంత సంగతి. మా యూరి గ్రంథాలయమునకు వచ్చు పిల్లలకొఱకు, మన సీమలోని ప్రాచీనచిహ్నములను గూర్చి పదునాఱు పుటల చిన్నపుస్తకము నొకదానిని అచ్చువేయింప మేము కొందఱము మిత్రులము తలపెట్టితిమి. మాటలు వ్రాయుట కష్టము కాలేదు. బొమ్మ కావలసివచ్చినది. అచ్చైన గ్రంథమొకదానిలో మేము కోరిన జింకబొమ్మ చక్కగా నుండెను. మర్యాదగా దాని ప్రకాశకులకు ఉత్తరము వ్రాసితిమి. వారు మర్యాదగానే బదులిచ్చిరి: ఒక్క బొమ్మకు అయిదువేల రూపాయలు, అదియు మూడువందల ప్రతులకు మాత్రమే, రెండవ ముద్రణకు మరల రుసుము. మా పుస్తకమునకు మొత్తము కూడబెట్టిన సొమ్ము తొమ్మిదివేలు. మిత్రులలో నొకరు కోపముతో, “ఆ జింకను వీరు గీచినారా? వీరి తాతలు గీచినారా?” యని యడిగిరి. కోపము సహజమే గాని, ప్రశ్నకు సమాధానము కోపములో దొరకదు, చట్టములో వెదకవలెను.

మన దేశపు గ్రంథస్వామ్యచట్టము 1957లో వచ్చినది. దాని దృష్టిలో ఛాయాచిత్రమునకు కర్త దానిని తీసినవాడు. 2012లో చేసిన సవరణకు పిమ్మట, తీసినవాని జీవితకాలమును, అతని మరణానంతరము 60 ఏండ్లును ఆ హక్కు నిలుచును. ప్రభుత్వము తీయించిన చిత్రమైనచో ప్రకటించిన నాటినుండి 60 ఏండ్లు. రాతిమీది బొమ్మకు మాత్ర మే హక్కును లేదు. దానికి కర్త తెలియడు. తెలిసినను గడువు వేలయేండ్లనాడే తీరిపోయినది. కావున చట్టము చూపు వింత యిది: పదివేల యేండ్ల బొమ్మ అందఱిది, నిన్న తీసిన దాని ప్రతి యొక్కనిది. ఎవడైనను గుట్టకు స్వయముగా బోయి ఆ జింకను చూచి గీచికొన్నచో అడ్డు చెప్పువాడు లేడు. ఇంట కూర్చుండి మఱియొకని ఛాయాచిత్రమును చూచి అచ్చువేసికొన్నచో నేరము కావచ్చును.

ఈ విధి యంతయు నన్యాయమే యని మేమనము. ఎండలో నాలుగుదినములు తిరిగి, వెలుతురు చఱియలోనికి సరిగా వచ్చు గడియకై కాచుకొని, చిత్రము తీసినవాని శ్రమకు విలువ యుండవలదా? ఉండవలెను. కాని శ్రమ వేఱు, సృష్టి వేఱు. మన సర్వోన్నతన్యాయస్థానము 2007లో, న్యాయనిర్ణయముల ముద్రణకు సంబంధించిన ఈస్టర్న్ బుక్ కంపెనీ వ్యాజ్యమున, కేవలము శ్రమయు ధనవ్యయమును గ్రంథస్వామ్యమునకు చాలవనియు, కొంత నైపుణ్యము, కొంత నిర్ణయబుద్ధి కూడ నందుండవలెననియు తీర్పు చెప్పినది. అమెరికాలో 1999లో బ్రిడ్జిమన్ ఆర్ట్ లైబ్రరీ వేసిన దావాలో, గడువు తీరిన చిత్రపటములను ఉన్నదున్నట్లు ప్రతి తీసిన ఛాయాచిత్రములకు క్రొత్త హక్కు పుట్టదని న్యూయార్కులోని న్యాయస్థానము నిర్ణయించినది. యూరోపు రాజ్యముల కూటమి 2019లో నట్టి నియమమునే శాసనముగా చేసినది. చఱియ, ఆకాశము, నీడ, మనిషి అన్నియు నమర్చి తీసిన చిత్రము సృష్టి. రాతికి సూటిగా నిలిచి ఉన్న గీతను ఉన్నట్లు పట్టిన చిత్రము ప్రతి. లోకపు న్యాయబుద్ధి యీ రెంటిని మెల్లమెల్లగా వేఱుచేసి చూడ నేర్చుకొనుచున్నది.

ఈ సంగతి మేము సిరిపురములోని యొక వృద్ధనేతగానికి చెప్పితిమి. సిరిపురము రామన్నపేట మండలములోనిదే. దారమునకు ముందుగానే ముడులు కట్టి, రంగులద్ది, మగ్గముమీద బొమ్మ పుట్టించు నేత అచ్చట ఇంటింట నున్నది. ఆయన నవ్వి యిట్లనెను: “సారూ, మా చీరె మీది ఏనుగును ముందుగాల ఎవ్వడు కట్టిండో మాకు ఎరుక లేదు. మా తాత కట్టిండు, ఆయన తాత కట్టిండు. పక్కింటోడు కడితే మాకు కోపం రాదు. మిల్లుల అచ్చుగొట్టి ఇదే పోచంపల్లి అని అమ్మితే కడుపు కాలుతది. బొమ్మ ఎవ్వనిదని కాదు సారూ, దాని మీద బతికేటోడు ఎవడు, దాన్ని అడ్డం పెట్టుకొని దోచేటోడు ఎవడు, అది చూడాలె.”

న్యాయశాస్త్రము చదువని యా వృద్ధుని మాటలో గొప్ప న్యాయము గలదు. పోచంపల్లి నేతకు 2005లో భౌగోళికచిహ్నపు హక్కు లభించినది. ఆ హక్కు ఏ యొక్కని సొత్తును కాదు. ఆ సీమలో ఆ విధమున నేయువారందఱును ఆ పేరు వాడుకొనవచ్చును. బయటివాడు యంత్రముమీద అచ్చొత్తి ఆ పేరుతో నమ్మరాదు. ఒకని కాక యొక సమూహమునకు చెందు హక్కును చట్టము గుర్తింపగలదని దీనివలన తేలుచున్నది. చీరకు సాధ్యమైనది రాతికి సాధ్యము కాదా? అయితే చీరకు నేటికిని నేతగాడున్నాడు. రాతిబొమ్మకు చిత్రకారుడు లేడు. అతని స్థానమున హక్కు చెప్పుకొనువా రెవరెవరో చూతము.

ఈ విషయమున లోకమునకు తెలిసిన పెద్ద వ్యాజ్యము ఫ్రాన్సు దేశమునది. 1994 డిసెంబరు 18న, ఆర్దేష్ నది ప్రాంతమున, షోవే అనువాడును ఆయన మిత్రులిద్దఱును రాళ్లు తొలగించి యొక గుహలో ప్రవేశించిరి. గోడలనిండ సింహములు, ఖడ్గమృగములు, గుఱ్ఱములు. అందు ప్రాచీనమైనవి సుమారు 36,000 ఏండ్లనాటివని తరువాత తేలినది. లోకమంతయు నానందించినది. ఆనందము చల్లాఱకముందే తగవులు మొదలైనవి. నేల కొన్ని కుటుంబములది. గుహను కనుగొన్నవారు ముగ్గురు. కాపాడవలసినది రాజ్యము. షోవే ప్రభుత్వపు కొలువులో నుండినవాడు. కావున అతడు కొలువుపని మీద బోయి కనుగొనెనా, ఆదివారము తన వేడుకకు బోయి కనుగొనెనా యను ప్రశ్నయు వచ్చినది. ఏలయన తొలి ఛాయాచిత్రముల హక్కు దానినిబట్టి మారును.

రాజ్యము నేలను స్వాధీనము చేసికొన్నది. ఎంత సొమ్ము చెల్లించవలెను? పొదలు మొలచిన నేల వెల కట్టినచో కొన్నివేల ఫ్రాంకులు. గుహలోని బొమ్మల వెల కట్టినచో కోట్లు. ఒక న్యాయస్థాన మొకవిధముగను, మఱియొకటి వేఱువిధముగను తీర్పు చెప్పెను. నేల యజమానికే నేలక్రింది దంతయు చెందునని ఫ్రాన్సు దేశపు పాతవిధి. పురాతన నిర్మాణావశేషములకు ఆ విధి వర్తింపదని 2001లో క్రొత్త చట్టము చేసిరి. వ్యాజ్యము మాత్రము ముగియలేదు. అది యూరోపు మానవహక్కుల న్యాయస్థానము వఱకు బోయి 2011లో గాని యొక కొలిక్కి రాలేదు. ఇంతలో గుహ పేరునకే వాణిజ్యచిహ్నముగా హక్కు నమోదు చేయించుకొనిరి. గుహను పోలిన కృత్రిమగుహ నొకదానిని కట్టి 2015లో ప్రజలకు తెఱచినప్పుడు, పేరు తగవు తీరకపోవుటచే షోవే పేరు పెట్టలేక వేఱుపేరుతో తెఱవవలసివచ్చినది. బొమ్మలమీద, పేరుమీద, రాబడిమీద ఇరువదియేండ్లు కొట్లాట. ఆ గుహలోనికి సామాన్యజను లెవ్వరికిని ప్రవేశము లేదు. జనుల యూపిరితో బొమ్మలు చెడునను భయముచే దానిని మూసి కాపాడుచున్నారు. అనగా, తగవులాడినవారిలో నొక్కడును తన యింట పెట్టుకొనజాలని వస్తువుకొఱకు తగవు. వారాశించినది వస్తువును కాదు, దాని ప్రతిబింబమును.

వస్తువునకు యజమానియైనవాడు దాని ప్రతిబింబమునకును యజమానియగునా? ఫ్రాన్సు దేశపు అత్యున్నతన్యాయస్థానమే దీనికి రెండు సమాధానములు చెప్పినది. నార్మండీలోని యొక కాఫీయింటి చిత్రమును తపాలాకార్డుమీద అచ్చువేసి యమ్మినవానిపై ఇంటివారు దావా వేయగా, 1999లో ఇంటివారే గెలిచిరి. అయిదేండ్లకే, 2004లో, రువాన్ నగరపు పాతభవన మొకదాని వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే నిండుసభలో మాట మార్చి, వస్తువు గలవానికి దాని రూపముమీద ఏకైకాధికారము లేదనియు, ఆ చిత్రమువలన నతనికి అసాధారణమైన యిబ్బంది కలిగినపుడు మాత్రమే యడ్డుకొనవచ్చుననియు చెప్పినది. ఇది మాకు సమంజసముగా తోచుచున్నది. మా యింటిముందరి వేపచెట్టు మాది. దాని నీడలో దారినబోవువాడు నిలిచినందుకు మేము పన్ను వేయము. నిలిచినవాడు కొమ్మలు విఱుచుట మొదలుపెట్టినప్పుడు గదా మాట్లాడవలెను!

ఇంతవఱకు వచ్చినవారు, “అయితే రాతిబొమ్మల ప్రతిబింబములన్నియు ఎల్లరివి, ఎవడేమి చేసికొన్నను సరి” యని తొందరపడి నిశ్చయింపవచ్చును. దానికి ఆస్ట్రేలియానుండి యొక హెచ్చరిక వచ్చినది. ఆ దేశపు వాయవ్యభాగమున కింబర్లీ యను సీమలోని ఆదివాసులు వాండ్జినా యను దైవమును కొండచఱియలలో తరతరములుగా వ్రాయుచు, పాతబొమ్మలకు మరల రంగులు దిద్దుచు వచ్చిరి. ఆ బొమ్మ వారికి దేవుడు. వానవచ్చుట ఆ దేవుని దయ. వేలమైళ్ల దూరమున కటూంబా యను పట్టణములో నొక చిత్రశాలవారు, ఆ జాతివారి యనుమతి లేకయే యా దేవుని రూపమును పెద్దరాతిపై చెక్కించి వీధిప్రక్కన నిలిపిరి. గ్రంథస్వామ్యచట్టము ఆదివాసులకు సాయపడలేకపోయినది. బొమ్మకు తెలిసిన కర్త లేడు, గడువు లేదు. తుదకు పట్టణనిర్మాణనియమముల క్రింద పురపాలకసంఘము అనుమతి నిరాకరింపగా, 2011లో అచ్చటి న్యాయస్థానమును ఆ నిరాకరణనే సమర్థించినది. చచ్చినవారి బొమ్మ యని మనమనుకొన్నది బ్రతికియున్నవారి దైవము కావచ్చును. ముడుమాలున ఎల్లమ్మగా పూజలందుకొను రాతిని తలచుకొన్నచో ఈ మాట మనకు దూరదేశపు మాట కాదు. నిలురాతి చిత్రమును బడిపుస్తకములో వేయుట వేఱు; మద్యపుసీసామీద వేయుట వేఱు. మొదటిదానికి అనుమతి యడుగ నక్కఱలేదు. రెండవదానికి ఊరివారి యభ్యంతరమునకు చట్టములో చోటుండవలెను.

అయినను, హక్కుల చర్చలో మునిగి మనమొక పెద్ద నష్టమును మఱచుచున్నాము. బొమ్మకొఱకు వ్యాజ్యమాడువారు లోకమున పెక్కండ్రు. రాతికొఱకు వ్యాజ్యమాడువారు తక్కువ. బళ్లారి దగ్గఱి కుప్పగల్లు కొండ తెలుగువారును కన్నడిగులును కలసి బ్రదుకు సీమలోనిది. ఆ కొండ రాళ్లమీద పొడిచిన యెద్దులు, మనుష్యులు మొదలగు రూపము లనేకములు గలవు. అందు కొన్నిరాళ్లు కొట్టినచో గంటవలె మ్రోగును. 1892లోనే ఫాసెట్టు అనునాయన వానిని గూర్చి ప్రకటించెను. అటుపిమ్మట ఆ కొండ రాతిగనులవారి కంటబడినది. దానిలో భాగము పగిలి కంకరయై పోయినది. మన జిల్లాలలోను రాత్రింబవళ్లు ఆడు కంకరయంత్రముల చప్పుడు వినని పల్లె యరుదు. రక్షితకట్టడముగా ప్రకటింపబడిన చోటికి 1958నాటి కేంద్రచట్టము అండగా నున్నది; చుట్టును నూఱుమీటరుల వఱకు క్రొత్తకట్టడము నిషేధము; చెఱచినవానికి రెండేండ్ల వఱకు చెఱ, లక్షరూపాయల వఱకు జరిమానా. తెలంగాణమునకు 2017లో సొంత వారసత్వచట్టమును వచ్చినది. కాని పట్టికలోని కెక్కని గుండునకు ఆ యండ దొరకదు. పట్టిక కెక్కింపవలెనన్న ముందది యున్నదని నలుగురికి తెలియవలెను. తెలియుటకు బొమ్మ కావలెను. బొమ్మకు తాళము వేసినచో రాతికి రక్షణ యెట్లు కలుగును?

ఒక్కనిచేత నున్న ప్రతి యెంత యస్థిరమో అజంతా చరిత్ర చెప్పును. అజంతా బొమ్మలు ఆదిమానవునివి కావు గాని, ఒకప్పుడవి మన హైదరాబాదు రాజ్యములోనివే. 1844 మొదలు రాబర్టు గిల్ అనునాయన ఏండ్లతరబడి అచ్చట కాపురముండి వ్రాసిన ప్రతులు లండను నగరమునకు పోయి, 1866లో స్ఫటికభవనము తగులబడినపుడు చాలభాగము బూడిదయైనవి. మరల గ్రిఫిత్సుగారు బొంబాయి చిత్రకళాశాల విద్యార్థులతో వ్రాయించిన ప్రతులలో పెక్కు 1885లో మఱియొక యగ్నిప్రమాదమున నశించినవి. దిద్దినవారి చేతులు మనవి. పటములు మన కందనిచోట నుండెను. నిప్పు మాత్రము వానిని కనుగొన్నది. పదిచోట్ల నుండు ప్రతిని ఏ యగ్నియు ఒక్కమాఱు కాల్చలేదు.

దీనికి మాఱుగా మనవారే చూపిన మంచిదారి యొకటి కలదు. నిజాము పాలనలో, తెలుగునకు ఆదరము లేని దినములలో, లక్ష్మణరాయ పరిశోధకమండలివారు పల్లెపల్లెకు తిరిగి శాసనములు సేకరించి, 1935లో “తెలంగాణా శాసనములు” అను సంపుటముగా ప్రకటించిరి. పొలములలో, పాడుగుళ్లలో పడియున్న రాళ్ల మాటలు దానివలన చదువరుల యిండ్లకు వచ్చినవి. ఆ రాళ్లలో కొన్ని తరువాత పోయినను మాటలు మిగిలినవి. అక్షరములకు జరిగిన యీ మేలు బొమ్మలకు జరుగలేదు. కారణము శ్రద్ధ తక్కువయగుట యొక్కటే కాదు. బొమ్మకు వెల వచ్చుట కూడ.

మేము చెప్పుదానికి రెండు ఆక్షేపణలు రావచ్చును. చిత్రములు తీయువారు తిండి తినవలదా యనునది మొదటిది. తినవలెను. బట్టలమిల్లు, సినిమావారు, ప్రకటనలవారు ఆ బొమ్మతో లాభము సంపాదింపగోరినచో రుసుము చెల్లింపవలసినదే. తరగతిలో బోధించు పంతులునకు మన చట్టమిదివఱకే మినహాయింపు నిచ్చినది. ఆ మినహాయింపును ఊరి గ్రంథాలయమునకు, లాభాపేక్ష లేని చిన్నపుస్తకమునకు విస్తరింపుమనుటయే మా మనవి. రెండవ యాక్షేపణ బరువైనది: బొమ్మ అందఱికి తెలిసినచో చోటును తెలియును, చోటు తెలిసినచో గుప్తనిధులకై త్రవ్వువారు అర్ధరాత్రి గడ్డపాఱలతో వత్తురు. ఇది నిజమైన భయము. మన జిల్లాలలో రాకాసిగుళ్లను పెల్లగించినవారు చరిత్రకారులకంటె నిధులు వెదకువారే యెక్కువ. కావున బొమ్మను దాచవలదు, దారిని దాచవలెను. ఊరి పేరును, చఱియకు బోవు త్రోవయు రక్షణ యేర్పడువఱకు అధికారులకును గ్రామసభకును మాత్రమే తెలియజేయుట మేలు.

కాబట్టి మా యభిప్రాయమును క్లుప్తముగా చెప్పుచున్నాము. ప్రజల సొమ్ముతో ప్రభుత్వశాఖలు తీయించిన రాతిబొమ్మల చిత్రములు ప్రజలకు నుచితముగా దొరకవలెను. సొంతముగా తీసినవారు వర్తకులవద్ద రుసుము పుచ్చుకొని, బడులకును గ్రంథాలయములకును విడిచిపెట్టవలెను. రక్షణ యేర్పడిన చోటి బొమ్మక్రింద తీసినవాని పేరుతోపాటు ఆ యూరి పేరును, చూపించిన పశులకాపరి యుండినచో నతడు సమ్మతించిన పక్షమున నతని పేరును వేయవలెను. పండితుడు “కనుగొన్న” చోటును పశులకాపరి చిన్ననాటినుండి యెఱిగినవాడే యని మఱువరాదు. గుట్టను గనికి ఇచ్చుటకు ముందు దానిమీద నేమున్నదో గ్రామసభ చూచి వ్రాసి పెట్టవలెను. పూజలందుకొను రాతి విషయమున పూజించువారి మాట వినవలెను.

మా చిన్నపుస్తకము సంగతి చదువరులకు తెలియగోరిక యుండవచ్చును. అయిదువేలు మేము చెల్లింపలేదు. సెలవులలో పదునొకండుగురు పిల్లలను, ఇద్దఱు ఉపాధ్యాయులను వెంటబెట్టుకొని పాండవులగుట్టకు బోయితిమి. రాతిని ముట్టవలదనియు, నీరు చల్లవలదనియు, సుద్దతో గీతలు దిద్దవలదనియు ముందుగానే చెప్పితిమి. పిల్లలు మూడుగంటలు కూర్చుండి గీచిరి. సిరిపురపు నేతగాని మనుమరాలు గీచిన జింకకు కొమ్ములు కొంచెము పొడవైనవి. దాని నట్లే అచ్చువేసితిమి. ఆ బొమ్మపై ఎవ్వరికిని రుసుము చెల్లింపనక్కఱలేదు. దాని హక్కు ఆ బాలికది. వాడుకొనగోరిన గ్రంథాలయము లడిగినచో ఏమందువని యామెను ప్రశ్నించితిమి. “నా పేరు తప్పులేకుంట రాయమను” అని యామె చెప్పినది. పెద్దలు న్యాయస్థానములలో ఏండ్లు గడపి తేల్చలేనిదానిలో సగము ఆ మాటలో నున్నది.

మిగిలిన సగము మన చేతులలో నున్నది. మీ యూరికి రెండుమూడు క్రోసులలో గుట్ట యుండకపోదు. దానిమీద నేమున్నదో మీరెన్నడైన చూచితిరా? మీ పిల్లలు చూచిరా? లేనిచో ఈ చలికాలమున నొక ఆదివారము కాగితములు, సీసపుకడ్డీలు తీసికొని పొండు. పోయి చూచినదానిని గీచి, తేదీ వేసి, ఊరి గ్రంథాలయమున నొకటి, పంచాయితీ కార్యాలయమున నొకటి యుంచుడు. కంకరగనివాడు కాగితముతో వచ్చునాటికి ఊరివద్దను ఒక కాగితముండవలెను.